బేస్‌మెంట్‌లో ఏడు పరుపులు

జూలై, గురువారం. కేంబ్రిడ్జ్, కెనడా.

ఫోన్‌లో వెదర్ రాడార్‌లో నేను చూసింది తప్పు కాదు. సాయంత్రం ఆరింటికి ఓ మేఘం, సుడిగాలి పుట్టించే తీరులో, కొక్కెంలా వంగి సరిగ్గా మా వైపే వస్తోంది. టోర్నడో వార్నింగ్ కూడా ఇచ్చేశారు. పైన ఓనర్ అంకుల్ పిల్లలేమో కిటికీ పక్కనే ఆడుకుంటున్నారు. పరుగెత్తుకెళ్లి తలుపు బాదాను.

"అంకుల్, పిల్లల్ని తీసుకుని మా బేస్‌మెంట్‌లోకి వచ్చేయండి!"

అందరూ వచ్చారు. ఆంటీ కళ్లు మూసుకుని ప్రేయర్ మొదలుపెట్టారు. మధ్యలో ఒకసారి కళ్లు తెరిచి గోడవారగా చూశారు. మళ్లీ మూసుకుని, ఆమెన్ అని, అప్పుడు అడిగారు.

"నలుగురే అన్నారు కదమ్మా. ఏడు పరుపులున్నాయేంటి?"

పరుపులు దాచాలన్న ఆలోచనే నాకు రాలేదు. బుర్రంతా ఆ కొక్కెమే.

కాసేపటికి వార్నింగ్ ఎత్తేశారు. పెరట్లో ప్లాస్టిక్ కుర్చీ కూడా కదల్లేదు. నెలాఖరుకి ముగ్గురు ఖాళీ చేయాలని చెప్పి అంకుల్ పైకెళ్లిపోయారు. కాలేజీకి ఇంతమంది వచ్చిపడ్డాక ఈ ఊళ్లో వాళ్లకి గది ఎక్కడ దొరుకుతుంది?

నా పక్క పరుపు శ్రావణి ఒక్కటే మాట అంది. "నీ టోర్నడో మా ముగ్గురి నెత్తినే పడిందే."

లీజులో నా పేరుంది. నాకేం కాదు. అదే ఇంకా మండుతోంది.

రేపు మధ్యాహ్నం మళ్లీ ఉరుములట. చూడకూడదనుకుంటూనే రాడార్ తెరిచాను. మళ్లీ ఆ కొక్కెం కనిపిస్తే ఏం చేస్తాను? పైన పిల్లలున్నారు. తలుపు కొట్టక చస్తానా.