మందు పేరు

శనివారం రాత్రి, పుంగనూరు

పందెపు గుర్రానికి ముందుకాలు వాచిందని మునెప్ప సాయంత్రం మా పశువుల ఆసుపత్రికి తోలుకొచ్చాడు. అది ఆ కాలు నేలకు ఆనించడం లేదు.

"పొద్దున్నే కుప్పంలో పందెముండాది డాక్టరమ్మా. నొప్పి తెలీకుండా సూదెయ్యి."

నాకు ఒళ్లు మండింది. మందు పేరు చెప్పి మరీ తిట్టాను. "అదేస్తే నొప్పి తెలీదు, ఆగాలనీ తెలీదు. కాలు విరిగేదాకా పరిగెత్తుతాది. ఆ పాపం నాకొద్దప్పా!"

"అట్లయితే వద్దులేమ్మా" అన్నాడు. ఇంత తేలిగ్గా వింటాడనుకోలేదు. వెళ్తూ ఏదో గొణుగుతుంటే, గుర్రాన్ని బుజ్జగిస్తున్నాడనుకున్నాను.

ఇది రాస్తుంటే చెయ్యి ఆగిపోయింది. మునెప్పకు ఫోన్ చేస్తూనే ఉన్నాను, ఎత్తడం లేదు. ఆయన మాట్లాడింది గుర్రంతో కాదు. నేను చెప్పిన మందు పేరు మర్చిపోకుండా వల్లె వేసుకుంటూ వెళ్లాడు.