అమ్మ దాచిన ఓటు

1962 ఫిబ్రవరి, బుధవారం

రెండుసార్లు గెలిచిన నేను ఈసారి తొమ్మిది ఓట్ల తేడాతో ఓడిపోయాను. సొంత ఊరివాళ్లే మోసం చేశారని దారంతా తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. అమ్మ దేవుడి పటం వెనకనుంచి ఓటు కాగితం తీసి చేతిలో పెట్టింది. ముద్ర నా గుర్తు మీదే ఉంది!

"డబ్బల ఎయ్యలేదా అమ్మా?"

"ఎట్లేస్త బిడ్డా? ఇంతకుముందు నీ డబ్బ నీకుండె. గీసారి అందరికీ ఒక్కటే పెట్టిండ్రు. నీ ఓటు వాళ్లకు పోదా? మన వాడకట్టు ఆడోళ్లకు గూడ జెప్పిన, కొంగుల దాసుకొని రాండ్రని."

ఎంతమంది దాచుకొచ్చారో అడగలేకపోయాను.

డబ్బా ఒక్కటైనా ముద్రను బట్టే లెక్క, కొత్త పద్ధతి ఇదీ అని కొత్తకోట దాకా ఊరూరా తిరిగి, గొంతు పోయేలా చెప్పాను. మా అమ్మకు చెప్పలేదు.