కడిగినా పోనిది

మార్చి 9, 1988. బుధవారం

పొద్దున్నే ఎండ. గాలి లేదు. రెండో కోత మిరపకాయలు ఇంటి వెనక కల్లంలో పోశాం. మధ్యాహ్నం దాకా కూలీలతో పాటు కూచుని తాలుకాయలు ఏరాను. చేతులు మండుతుంటే మజ్జిగ పూసుకుని రాస్తున్నాను.

ఈ ఏడాది మొదటిసారి ఏసీ వేశాం. గాలి వస్తోంది గాని బలం లేదు. ఇంజనుకి మల్లే దీనికీ కాసేపు వేడెక్కాలన్నాడు మావ. చల్లబరిచే మిషను వేడెక్కేదేంది మావా అన్నాను. అమ్మమ్మ నవ్వింది. మావ నవ్వలేదు.

ముందు మూత లాగి జాలీ బయటికి తీశాను. ఎర్రగా ఉంది. మిరప దుమ్ము అట్ట కట్టింది. పంపు కింద కడిగి, నీడన ఆరబెట్టి, మళ్ళీ దూర్చాను. గాలి మోచేతి దాకా చల్లగా తగిలింది. ఇంతే పని.

మార్చి 10

కాయలు తిరగేశాం. రేపు కూడా ఇదే పని.

సోకుకి ఏసీ పెట్టించారని ఊళ్ళో అనుకుంటున్నారంట. అననీ. బుల్లెమ్మకి తొమ్మిదేళ్ళు. పుట్టిన దగ్గర్నుంచి దాని ఒంటిమీద చెమట బొట్టు చూడలేదు. జుట్టు పలచన, పళ్ళు సరిగా రాలేదు. ఎండాకాలం వస్తే జ్వరం. గుంటూరు పెద్ద డాక్టరు దాన్ని చూసి, మీ ఆయన నీకేమవుతాడమ్మా అని అడిగాడు. సొంత మేనమామ అన్నాను. తలాడించాడు. పిల్లకి చెమట గ్రంథులు లేవు, ఒంట్లో వేడి బయటికి పోయే దారి లేదు, మందూ లేదు, చల్లగా ఉంచడమొక్కటే అన్నాడు. నిరుడు మే నెలలో ఫిట్స్ వచ్చాయి. మళ్ళీ వస్తే నేను చెప్పలేనన్నాడు.

ఎద్దుల జత అమ్మేసి, గుంటూరులో ఏదో లాడ్జీ మూసేస్తుంటే ఈ మిషను కొన్నాం. వెనక గదికి కన్నం కొట్టి పెట్టించాం. దాని మొహం బుల్లెమ్మ మంచం వైపు, వీపు కల్లం వైపు.

మార్చి 27, ఆదివారం

గోడ వెంట నీళ్ళు కారుతున్నాయని అమ్మమ్మ బేసిను పెట్టింది. మిషను ఏడుస్తోందే మల్లీశ్వరీ అంది.

మావ పొలాల మీద ఎవరిదో ఇంజను చూడటానికి పోయాడు. నేనే వెనక్కి వెళ్ళి చూశాను. నీళ్ళు బయటికి పోయే బెజ్జంలో కుమ్మరిపురుగు మట్టిగూడు కట్టింది. చీపురు పుల్లతో పొడిచాను. బొళుక్కుమని పడ్డాయి. మిషను కూడా లోపలికి వాలి ఉంది. ముందు వైపు కింద చెక్కముక్క కొట్టాను. కారడం ఆగింది.

అమ్మమ్మ బేసిను తియ్యలేదు. ఎందుకైనా మంచిదంట.

ఏప్రిల్ 14

ఓల్టేజి లేదు. స్టెబిలైజరు టకటకమంటుంటే మిషను కట్టేశాను. పిల్లకి సాయంత్రం దాకా తడిగుడ్డలు.

ఏప్రిల్ 24, ఆదివారం

కాయలు గోతాలకెత్తి బళ్ళమీద పంపించాం. కల్లం ఖాళీ అయింది, దుమ్ము మాత్రం పోలేదు.

ఊళ్ళో ఏ ఇంజను ఆగినా మావ కోసమే వస్తారు. వాకిట్లో నిలబడి యల్లమందా అని ఒక్క కేక. కంచం ముందు నుంచైనా లేచిపోతాడు. కూలి ముట్టడు. తొలికోతలో మాత్రం ప్రతి ఇంటివాళ్ళూ బుట్టెడు కాయలు తెచ్చి మా గుమ్మంలో గుమ్మరించి పోతారు. ఈ ఏడు గుట్ట నడుమెత్తు లేచింది. మావ దాని పక్కన మంచం వేసుకుని పడుకున్నాడు.

టౌను నుంచి, అదే పేట నుంచి, మెకానిక్కుని ఈ ఊరికి ఎవరూ పిలవరు. పిలిస్తే మావని తిట్టినట్టే.

మే 5, గురువారం

ఎండ చానా ఎక్కువ. మధ్యాహ్నం మిషను దానంతటదే ఆగింది. కాసేపటికి లేచింది. మళ్ళీ ఆగింది.

వెనక్కి పోయి చూస్తే దాని వీపు మీద తడిగోనె వేలాడుతోంది. పైన చిల్లుల డబ్బా కట్టి గోనె మీద నీళ్ళు బొట్లుబొట్లుగా పడే ఏర్పాటు. మావ పని. మోటారు వేడెక్కకుండా కట్టాడంట. గోనెకి దుమ్మంతా అంటి గంజిపెట్టిన గుడ్డలాగా బిగుసుకుంది. గాలి పోయే సందు లేదు.

పీకేశాను. మావకి కోపం వచ్చింది. లారీవాళ్ళు నీళ్ళ సంచి కట్టుకోరా, వాళ్ళకి తెలియక కడుతున్నారా అన్నాడు. నీ తువ్వాలు తడిపి మూతికి చుట్టుకుని కల్లం చుట్టూ ఒక్క చుట్టు పరిగెత్తు మావా, అప్పుడు మాట్లాడదాం అన్నాను. తువ్వాలు మూతి దాకా తీసుకుని, మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

మిషను సాయంత్రం దాకా ఆగకుండా ఆడింది. ఆయన కూతురి కోసమే కట్టాడు. అది నాకు తెలుసు. అయినా పీకేశాను.

మే 17, మంగళవారం

గదిలో ఉక్కగా ఉంది. మూత తీస్తే లోపల దువ్వెన పళ్ళలాంటి రేకులకి ఒక మూల మంచు పట్టింది. మిగతా అంతా పొడిగా, వెచ్చగా ఉంది.

జాలీ కడిగాను. మంచు కరిగేదాకా కట్టేసి మళ్ళీ వేశాను. వెనక గోనె లేదు. బెజ్జం తెరిచే ఉంది. స్టెబిలైజరు ముల్లు సరిగానే చూపిస్తోంది. గంట తర్వాత మళ్ళీ అదే మూల మంచు. మిగతాది వెచ్చగానే ఉంది.

మే 18

పొద్దున టార్చి వేసి వెనక అంతా చూశాను. రాగి పైపు మెలిక తిరిగే చోట రూపాయి బిళ్ళంత మేర నూనె జిడ్డు. దానికి ఎర్ర దుమ్ము అంటుకుని ముద్దయింది. మిగతా పైపు మీద దుమ్ము ఊదితే పోతోంది. అక్కడ పోవడం లేదు. గుడ్డతో తుడిచాను. మధ్యాహ్నానికి మళ్ళీ చెమ్మ.

కడిగితే పోయేది నా పని. నాలుగూ కడిగి, నాలుగూ చూసి, ఇంకా అట్లాగే ఉంటే అది నా పని కాదు. మావ పని కూడా కాదు. పైపులో ఉన్నదేదో బయటికి పోతోంది. డీజిలైతే డబ్బాతో పోసుకుంటాం. ఇది మేం కంటితో చూసినది కాదు. పోతే దేంతో పోస్తాం.

మావకి చూపించాను. ఇంతేనా, సీసం కాచి అతుకు వేస్తా, రేపటికి అయిపోతుందన్నాడు. రేడియేటర్లకి ఎన్ని వేయలేదు అన్నాడు. వద్దు, పేట నుంచి ఏసీ మెకానిక్కుని తెద్దాం అన్నాను. నా ఇంటికా అన్నాడు. ఆ రెండు మాటలే.

పక్కింటి నరసింహారావు బావ గోడ మీంచి విన్నాడు. ఏంది యల్లమందా, నీక్కూడా మెకానిక్కు కావలసొచ్చాడా, ఇచ్చిన కాయలు వెనక్కి తెచ్చుకోమంటావా అని నవ్వాడు. బావ ఊరికే అన్నాడు. మావకి ఊరికే తగల్లేదు. రాత్రి అన్నం సగంలో లేచాడు. సీసం కడ్డీలు వెతికి వాకిట్లో పెట్టుకున్నాడు.

మే 19, గురువారం

పొద్దున మొదటి బస్సుకి పేట వెళ్ళాను. మావ పానాల పెట్టె నాతో తీసుకుపోయాను.

అది ఇంట్లో ఉంటే నేను తిరిగొచ్చేసరికి మిషను నులకమంచం మీద ముక్కలై ఉంటుంది. దాచితే వెతుకుతాడు. అందుకని మోసుకుపోయాను. నడుం విరిగింది. కండక్టరు చూసి, ఏమ్మా, బస్సు దారిలో ఆగితే నువ్వే బాగుచేస్తావా అన్నాడు. నువ్వు టికెట్టు కొట్టు, తర్వాత చూద్దాం అన్నాను. వెనక సీటులో ముసలాయన పెట్టెమీద కాళ్ళు పెట్టుకుని పేట దాకా నిద్రపోయాడు.

ఏసీ మెకానిక్కు జమాల్ కొట్టు ఐసు ఫ్యాక్టరీ సందులో ఉంది. ముప్పై ఏళ్ళు ఉండవు. వాగుడుకాయ. పండగ సేమ్యా ఇంకా మిగిలిందని గ్లాసెడు ఇచ్చాడు. చల్లదనం లేదు అని చెప్పబోతే, అందరూ అదే అంటారక్కా, జాలీ కడుక్కోండి పొండి అన్నాడు. కడిగాను. బెజ్జం చూశాను. ఓల్టేజి ఉంది. ఒక మూలే మంచు పడుతోంది, పైపు మెలిక దగ్గర నూనె ఉంది అన్నాను. అప్పుడు స్టూలు లాక్కుని కూచున్నాడు. గ్యాసు లీకు, ఇంకెవర్నీ చెయ్యి పెట్టనీకు అన్నాడు. అందుకే ఇది తెచ్చాను తమ్ముడూ అని పెట్టె చూపించాను. నవ్వి నవ్వి దగ్గొచ్చిందతనికి.

రేపు శుక్రవారం, నమాజు అయ్యాక వస్తానన్నాడు. ఎల్లుండి ఐసు ఫ్యాక్టరీ పనంట, మళ్ళీ సోమవారం దాకా కుదరదన్నాడు. రేపే రా అన్నాను.

ఇంటికొచ్చేసరికి మావ అరుగు మీద ఉన్నాడు. పెట్టె వైపు చూశాడు. నా వైపు చూడలేదు.

మే 20, శుక్రవారం. పొద్దున 11

మిషను గాలి, ఫ్యాను గాలి ఒకటే అయినాయి. బుల్లెమ్మ ఒళ్ళు కాలుతోంది. దుప్పటి తడిపి కప్పాను. తాటాకు విసనకర్రతో అమ్మమ్మ విసురుతోంది.

మధ్యాహ్నం 2

నూట మూడు. గోలెంలో కూచోబెట్టాం. నీళ్ళే వెచ్చగా ఉన్నాయి. అమ్మా, మిషను మామయ్య ఎప్పుడొస్తాడు అంటోంది. దాని మాట ముద్దగా వస్తోంది.

మావ ఒకసారి సీసం కడ్డీల దగ్గరికి వెళ్ళాడు. వెనక గుమ్మానికి అడ్డంగా కూచున్నాను. చేతిలో థర్మామీటరు ఉంది, అదే చూపించాను. మావ వెళ్ళి బావి నుంచి నీళ్ళు తోడటం మొదలుపెట్టాడు. గోలెం రెండుసార్లు మార్చాడు.

మే 21, శనివారం

నిన్న రాయడానికి కుదరలేదు.

జమాల్ మూడు గంటల బస్సుకి దిగాడు. బస్సు టాపు మీంచి గ్యాసు బండ దించుతుంటే సగం ఊరు చూసింది. మావ ఎదురెళ్ళలేదు. జమాల్ నూనె చోటు తడిమి, సబ్బు నురగ పెట్టాడు. బుడగ వచ్చింది. సీసం కడ్డీలు చూసి, ఎవరన్నా దీంతో అతికితే నిలవదు, లోపల ప్రెజరు చానా ఉంటది, గ్యాసంతా ఒక్కసారి పోయేది అన్నాడు. ఇత్తడి అతుకు వేశాడు.

తర్వాత పైపుల్లో గాలి లాగెయ్యాలంట. అది లాగడానికి పాత ఫ్రిజ్జు మోటారొకటి తెచ్చుకున్నాడు. ప్లగ్గు పెట్టగానే కరెంటు పోయింది. సబ్‌స్టేషను దగ్గరే పోయింది, పొద్దుగూకితే గాని రాదని లైన్‌మ్యాన్ కబురు చెప్పాడు. ఆరున్నర బస్సు నేను ఎక్కాల్సిందేనన్నాడు జమాల్. గాలి లాగకుండా గ్యాసు నింపితే వారంలో మళ్ళీ ఇంతే, నేనట్లా చెయ్యను అన్నాడు.

నరసింహారావు బావకి పెళ్ళి లైట్ల డైనమో ఉంది. దాన్ని తిప్పే ఇంజను సంక్రాంతి నుంచి లేవడం లేదు. మావకి చెప్పాడు, పొలం ఇంజను కాదుగా తొందరేముందని మావ రేపు రేపంటూ ఉన్నాడు.

గదిలోకి వెళ్ళి పానాల పెట్టె తెచ్చి మావ ముందు పెట్టాను. ఇది నీ పని మావా అన్నాను.

గోడ దూకి వెళ్ళాడు. నాజిల్ ఇప్పి, నోటితో ఊది, డీజిల్లో కడిగి బిగించాడు. హ్యాండిలు నాలుగు తిప్పులు తిప్పాడు. అయిదో తిప్పుకి అందుకుంది. గోడ మీంచి వైరు వేశారు. బావ నోరు తెరుచుకుని చూస్తూ, నాలుగు నెలలుగా రేపంటివి గదయ్యా అన్నాడు. ఇవ్వాళే రేపు అన్నాడు మావ.

ఫ్రిజ్జు మోటారు ఆడినంతసేపు ఇద్దరూ దానికి చెరో పక్కన గొంతుకూచున్నారు. మావ ఏదో అడుగుతున్నాడు. జమాల్ ముల్లు చూపించి చెప్తున్నాడు. పొద్దుగూకే వేళకి కరెంటు వచ్చింది. ఏసీ వేసి గ్యాసు నింపారు. జమాల్ నన్ను పిలిచి, నువ్వు చూడక్కా, నువ్వే డాక్టరువి అన్నాడు. చెయ్యి పెట్టాను. చల్లదనం మోచెయ్యి దాటింది.

ఆరున్నర బస్సు వెళ్ళిపోయింది. మావ బావ స్కూటరు మీద జమాల్‌ని పేటలో దింపి వచ్చాడు. పోయేటప్పుడు గుమ్మంలో గుట్ట నుంచి బుట్టెడు కాయలు తీసి ఆయనే జమాల్ సంచిలో పోశాడు.

బుల్లెమ్మకి రాత్రి తొమ్మిదికి తొంభై తొమ్మిది. దుప్పటి కావాలంది. ఎండాకాలంలో దుప్పటి అడిగింది.

మే 29, ఆదివారం

రోహిణి కార్తె. బయట అడుగుపెట్టలేం. మిషను ఆడుతోంది. పైపు మెలిక దగ్గర రోజూ గుడ్డతో తుడుస్తున్నాను. గుడ్డ పొడిగానే వస్తోంది.

యల్లమంద ఇంటికి పేట మెకానిక్కు వచ్చాడని ఊళ్ళో ఇంకా చెప్పుకుంటున్నారు. ఈ మధ్యలోనే మూడు ఇంజన్లకి మావని పిలిచారు.

జూన్ 15, బుధవారం

తెల్లవారుజాము నుంచి వాన. దుక్కికి సరిపోను పడింది. మిషను కట్టేశాం.

ఏడింటి బస్సుకి మావ పేట వెళ్ళాడు, జమాల్ కొట్టుకి. పెట్టె తీసుకుపోయాడు.

తొమ్మిదింటికి బుల్లెమ్మ బడికి వెళ్ళింది. గొడుగు వద్దంది. తడుస్తూ వెళ్ళింది. నేను పిలవలేదు.