గవ్వకి మడినీళ్లు

తెనాలి

వాగ్దేవీ, నీ కుక్క గవ్వ బాగానే ఉంది. ముందు ఈ మాట నమ్మి, తర్వాత మిగతాది చదువు. మీ హాస్టల్లో ఫోన్ ఇవ్వరు కాబట్టి ఈ కార్డు.

మొన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. గవ్వ వసారాలో నాలుక వేలాడేసి పక్కకి పడిపోయింది. పిలిచినా తోక కదపలేదు. పంపు తిప్పితే మిద్దె మీద ట్యాంకులోంచి కాగిన నీళ్లొచ్చాయి. ఇంట్లో చల్లటి నీళ్లున్నది నా మడికుండలోనే. మీరెవరూ ముట్టుకోకూడదని నేను గొడవచేసే ఆ కుండే ఎత్తుకొచ్చి, దాని పొట్టకీ పాదాలకీ చెంబుతో పోస్తూ కూర్చున్నాను. కాసేపటికి లేచి నా చెయ్యి నాకింది.

"కుక్కని ముట్టుకున్నావు, మరి నీ మడి సంగతేంటే?" అన్నారు మీ తాతగారు.

"స్నానం చేస్తే మడి మళ్లీ వస్తుందండీ. కుక్క వస్తుందా?" అన్నాను. ఆయన విసనకర్ర తెచ్చి దానికి విసిరారు.

ఆ కుండ ఇక గవ్వదే. నాకు కొత్తది రేపల్లె నుంచి మీ అత్త తెస్తోంది. నీ పాత చున్నీలు తడిపి కిటికీలకి కడతాను, ఏవి తీసుకోవచ్చో వెంటనే రాయి. తలకి నూనె రాస్తున్నావా? గవ్వ కోసమని పరీక్ష మానేసి వచ్చావంటే గుమ్మంలోంచే వెనక్కి పంపిస్తాను. ఈ ఎండల సంగతి నేను చూసుకుంటా.

ఇంట్లో చల్లటి బండ దేవుడి గది గుమ్మం దగ్గరే కదా, ఇప్పుడు గవ్వ అక్కడే పడుకుంటోంది. రోజూ దాన్ని లేపకుండా దాటుకెళ్లి, నీ పేరు చెప్పి దీపం పెడుతున్నాను.

బామ్మ