ఏ రంగుకి రైలు ఆగదు

అమ్మమ్మా, నాకేం కాలేదు, ముందు ఆ మాట చదువు. ఫోన్‌లో చెప్తే మమ్మీ పక్కనే ఉండి వింటుందని కార్డు రాస్తున్నా.

మా స్కూల్ నేచర్ క్లబ్ వాళ్లం ఇక్కడి మరోదా నుంచి దల్లీ రాజ్‌హరా ఇనప గనుల దాకా నాలుగు రోజులు నడిచే దారి ఒకటి తయారుచేస్తున్నాం. నడిచేవాళ్లు తప్పిపోకుండా చెట్లకి గుడ్డముక్కలు కట్టే పని నాది. దూరానికి కనిపిస్తుందని మమ్మీ పాత ఎర్రచీర చింపి, ఆదివారం రైలు పట్టాల పక్క చెట్లకి కట్టాను. ఇనప రాయి తెచ్చే గూడ్సు అది చూసి ఆగిపోయింది! డ్రైవర్ తల బయటపెట్టి హిందీలో అరిచాడు. నేను భయంతో "అమ్మో" అనగానే తెలుగులోకి దిగాడు.

"ఎవులమ్మాయివి నువ్వు?"

"ఈ పట్టాల మీదే పనిచేసిన గ్యాంగ్‌మేన్ తాతబ్బాయి గారి మనవరాల్ని."

"ఓలమ్మో! తాతబ్బాయి మనవరాలికి ఎర్రగుడ్డంటే ఏటో నాను చెప్పాలేటి? బేగి విప్పీ!"

అన్నీ విప్పాకే బండి కదిలింది. "మీ తాతకి ఫోన్ చేస్తానుండు" అంటూ వెళ్లాడు.

డాడీకి తెలిస్తే క్లబ్ మాన్పించేస్తాడు. తాతయ్య నోరు నువ్వే ఆపాలి. ఏ రంగుకి రైలు ఆగదో ఆయన్నే అడిగి, ఆ రంగు పాత చీరలు పంపు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? తాతయ్య ఆకుపచ్చ జెండా ఇంకా పెట్టెలో ఉందా? మా దారి తెరిచే రోజు అది ఆయనే వచ్చి ఊపాలి. అప్పటిదాకా డాడీకి చెప్పొద్దను.

మీ ఇద్దరి కాళ్లకీ దండం.

యామిని