మోగని నా ఫోను

గురువారం, రాత్రి

రొయ్యల గుంటలో ఆక్సిజన్ తగ్గితే కాపలావాళ్ల ఫోన్లన్నీ వరుసగా మోగాలి. నాది రెండుసార్లు మోగలేదు. ముసలాడికి చెవుడొచ్చింది, వేరే మనిషిని చూస్తానన్నాడు యజమాని. నాకూ అదే భయం.

ఫోన్లు మోగించే ప్రోగ్రాములో నెట్‌వర్క్ లైబ్రరీ అనే కోడు ముక్కని చూసుకునేది మా అమ్మాయి సుభద్రే. ఈరోజు తప్పు పట్టుకుంది. ఆపేసి ఉన్న ఫోను తగిలితే ఆ కోడు దాన్ని వరుసలోంచి తీసేస్తుందట.

"పంక్తిలో ఒకడు లేస్తే పక్కోడు ఆ చోటికి జరుగుతాడు గదా నాయనా? వడ్డించేవోడు చూడకుండా ముందుకి పోతే, జరిగినోడి ఆకు ఖాళీ. ఆ ఆకు నీది."

"అయితే నా చెవులు?"

"బాగానే ఉండాయి. అమ్మ పిలిస్తేనే వినపడదు నీకు."

సరిచేసి మోగించి చూసింది. నేను వెంటనే ఎత్తలేదు. కాసేపు వింటూ కూర్చున్నాను.