అక్క నౌకలు మునిగిన నెల

మార్చి 3, ఆదివారం

ఈ రోజు నుంచి నేను ఆట నడిపే మనిషిని! ఆడే మనిషిని కాను. నడిపే మనిషిని!

ఎందుకంటే, మెయిళ్ళ మీదే యుద్ధం ఆటలాడుకునే మా ఉత్తరాల యుద్ధం గ్రూపులో పోయిన ఆట సగంలో ఆగిపోయింది. నడిపే ఆయన ఒక్క ముక్క చెప్పకుండా మాయమయ్యాడు. అప్పటికి నా సైన్యం సరిగ్గా శత్రువు కోట గుమ్మంలో నిలబడి ఉంది. ఇప్పటికీ అక్కడే నిలబడి ఉంది, పాపం. ఒళ్ళు మండి గ్రూపులో రాశాను: "నడపలేనివాళ్ళు మొదలుపెట్టకూడదు." కెప్టెన్ వెంటనే జవాబిచ్చాడు: "అయితే మీరు నడపండి, దవడ గారూ."

దవడ అంటే నేనే. కట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబులో పని చేస్తానని ఒకసారి నోరు జారాను. ఆ పేరు అతుక్కుపోయింది. కెప్టెన్ కూడా ఓడ ఎక్కిన మనిషేం కాదు, ఇళ్ళకు రంగులు వేయించే కాంట్రాక్టరు.

తీర్మానం:
ఆదివారం భోజనం లోపల అందరికీ ఫలితాలు.
గడువు దాటిన ఆదేశం చెల్లదు. ఎవరిదైనా సరే!
ఈ ఆట ముగిసేదాకా ఇంకెవరి ఆటలోనూ చేరను.

మా ఆయనకు చదివి వినిపించాను. ఆయన బస్సు డిపోలో బస్సులు వేళకు బయలుదేరేలా చూసే ఉద్యోగి. "వారం వారం వేళకా?" అన్నారు. అని, పేపర్లో తల దూర్చారు. ఆ దూర్చిన పద్ధతి నాకు నచ్చలేదు.

మార్చి 6, బుధవారం

ఏడుగురు చేరారు! ఏడు దీవులు, ఏడు రాజ్యాలు. పటం నేనే గీశాను. ల్యాబులో భోజనాల వేళ గీసినందువల్లేమో, ఒక దీవి అచ్చం దంతంలా వచ్చింది. వేళ్ళతో సహా. ఎవరూ గమనించలేదు.

పద్ధతి చాలా తేలిక. తమ సైన్యం, నౌకలు ఎటు కదలాలో రాసి ప్రతివాళ్ళూ శనివారం రాత్రి ఎనిమిది లోపల నాకు మెయిల్ పంపాలి. ఒకరి ఆదేశం ఇంకొకరికి తెలియదు. నేను అన్నీ దగ్గర పెట్టుకుని ఎవరు ఎవరితో ఢీకొన్నారో లెక్కగట్టి ఫలితాలు పంపుతాను. మధ్యలో వాళ్ళలో వాళ్ళు స్నేహాలు చేసుకోవచ్చు, చేతులు కలపవచ్చు, వెన్నుపోట్లు పొడుచుకోవచ్చు. అది వాళ్ళిష్టం.

ఏడో మనిషి ఎవరనుకున్నారు! అక్క!

చాలాకాలంగా మా ఇద్దరి ఫోన్లలో "బాగున్నావా, బాగున్నాను, ఉంటాను" తప్ప నాలుగో మాట లేదు. గొడవేమీ లేదు. చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదంతే. ఈసారి ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని ఆట సంగతి చెప్పాను. "నేనూ ఆడతా. నాకు ఓడలున్న దేశం ఇవ్వు," అంది. అక్క మిషను మీద కర్టెన్లు, సోఫా గలీబులు కుడుతుంది. యుద్ధాల గురించి తనకేం తెలుసు? పోనీలే, నాలుగు రోజులు సరదాపడుతుంది.

మార్చి 10, ఆదివారం

మొదటి ఫలితాలు వెళ్ళాయి. భోజనానికి చాలా ముందే! "మీ గుర్రపు దళం కొండ దాటింది. పొగమంచులో అవతల ఎవరివో దీపాలు కనిపించాయి" అని ఒక్కొక్కరికి నాలుగు వాక్యాలు సొంతంగా కూడా రాశాను. గ్రూపంతా ఒకటే పొగడ్త. "ఇది కదా నడపడమంటే!" అన్నాడు నత్త. నత్త పాత హార్మోనియంలు, వయొలిన్లు బాగుచేస్తాడు. ఏ పనైనా నిదానంగా చేస్తాడు. ఆ పేరు తనకు తనే పెట్టుకున్నాడు.

అక్క ఫోన్ చేసింది. నా భోజనం అయ్యేదాకా మాట్లాడింది!

"కెప్టెన్ నాతో స్నేహం చేస్తానంటున్నాడే. నమ్మొచ్చా?"

"నేను చెప్పకూడదక్కా."

"నీకు తెలుసు కదా!"

"తెలుసు కాబట్టే చెప్పకూడదు."

"చిన్నప్పుడు నా రిబ్బన్లన్నీ నీకే ఇచ్చేశాను."

"అయినా చెప్పను."

పకపకా నవ్వింది. అక్క నవ్వు విని ఎన్నాళ్ళయిందో!

మార్చి 14, గురువారం

కెప్టెన్ మెయిల్. తనూ ఒక ఆట మొదలుపెట్టాడట, ఎడారి వర్తకుల మీద. ఒక్క చోటు ఖాళీ ఉందట. "మీలాంటివాళ్ళు లేకపోతే రక్తి కట్టదు" అని రాశాడు.

వద్దు. తీర్మానం తీర్మానమే.

సాయంత్రం: వర్తకుల ఆట యుద్ధం ఆట కాదు కదా? నేను రాసుకున్నది యుద్ధం ఆటల గురించేమో. వెనక్కి తిప్పి చూశాను. "ఇంకెవరి ఆటలోనూ" అనే ఉంది. అంత గట్టిగా ఎందుకు రాశానో!

చేరాను. ఒంటెలు ముద్దొస్తున్నాయి.

మార్చి 17, ఆదివారం

అక్క ఆదేశం నిన్న ఎనిమిది దాటి పన్నెండు నిమిషాలకు వచ్చింది.

కెప్టెన్ స్నేహమంటూనే తన రేవు మీదికి వస్తాడని అక్క ముందే పసిగట్టింది. నౌకలన్నిటినీ చీకట్లో రేవు దాటించి, దీవి వెనక దాచిపెట్టమని రాసింది. కెప్టెన్ ఖాళీ రేవు మీద పడగానే వెనకనుంచి చుట్టుముట్టాలట. ఇన్నేళ్ళలో ఇలాంటి ఎత్తు నేను చూడలేదు. అదీ మొట్టమొదటిసారి ఆడుతున్న మనిషి నుంచి!

కాని గడువు దాటింది. ఎవరిదైనా సరే చెల్లదని రాసింది నేనే. ఆదేశం లేని నౌకలు రేవులో కట్టేసి ఉంటాయి. ఉన్నాయి. కెప్టెన్ వచ్చాడు. అన్నీ మునిగాయి.

మధ్యాహ్నం అక్క ఫోన్.

"హోటల్ వాళ్ళ కర్టెన్లు నిన్ననే ఇచ్చేయాల్సొచ్చిందే. మిషను మీంచి లేచి నేరుగా నీకు మెయిల్ కొట్టా. పన్నెండే నిమిషాలు!"

"రూల్ అక్కా. నువ్వు మా అక్కవని అందరికీ తెలుసు. వదిలేస్తే ఏమనుకుంటారు?"

అవతల మిషను మళ్ళీ మొదలైంది.

"సరేలే. బాగున్నావా?"

"బాగున్నాను."

"ఉంటాను."

గ్రూపులో నాకు బోలెడు మెప్పు. తోడబుట్టిన అక్కను కూడా వదల్లేదని. అన్నం సయించలేదు.

మార్చి 21, గురువారం

మనసు బాగాలేదు. మనసు బాగాలేనప్పుడు కొత్త ఆటలో చేరితే మంచిదని ఎక్కడో చదివాను. ఎక్కడో గుర్తులేదు. నత్త నడిపే మంచు ఖండం ఆటలో చేరాను. నత్త ఆట కదా, కదిలితే గొప్ప. భారమేమీ ఉండదు.

ఇంకో ఆటలో ఎవరికో చెయ్యి విరిగిందట, కట్టు విప్పేదాకా ఆయన బదులు ఆడమన్నారు. బదులు ఆడటం చేరడం కిందికి రాదు. అది సాయం.

"ఇప్పుడు మొత్తం ఎన్ని బస్సులు నడుపుతున్నావు?" అని అడిగారు ఆయన.

"నడిపేది ఒకటే. మిగతావాటిలో ఊరికే కూర్చున్నానంతే!"

"అన్నిట్లోనూ కిటికీ పక్కనేనా?"



మార్చి 24, ఆదివారం

ఫలితాలు కొంచెం ఆలస్యం. భోజనం లోపల అన్నాను గాని ఏ పూట భోజనమో అనలేదు కదా.

సొంత వాక్యాలు రాయడం కుదరలేదు. "దళం కొండ దాటింది." అంతే. దీపాలు, పొగమంచు లేవు.

అక్క ఆదేశం శుక్రవారమే వచ్చేసింది. మిగిలిన సైనికులు కోటల్లోనే ఉండాలట. ఒక్క మాట అదనంగా లేదు.

మార్చి 27, బుధవారం

ఒంటెలను ఏ సంతకు తోలాలా అని ఆలోచిస్తూ, ఒక పెద్దాయన పై వరసలో పెట్టాల్సిన పళ్ళు కింది వరసలో పెట్టాను. మేనేజరు ఆ సెట్టును వెలుతురులోకి పట్టుకుని చాలాసేపు చూశారు.

"ఇవి నవ్వడానికామ్మా? భయపెట్టడానికా?"

మళ్ళీ మొదటినుంచీ చేశాను. రేపటినుంచి ల్యాబులో ఒంటెల గురించి ఆలోచించను. తోడేళ్ళ గురించి మాత్రం తప్పదు, మంచు ఖండంలో పరిస్థితి ఏం బాగాలేదు.

మార్చి 31, ఆదివారం

ఫలితాలు పంపలేదు.

కారణాలు: కరెంటు (పోలేదు, పోయేలా ఉంది). తలనొప్పి. తోడేళ్ళు.

"సాంకేతిక కారణాల వల్ల ఫలితాలు రేపు" అని గ్రూపులో రాశాను. రాస్తుంటే ఆ మాయమైన ఆయన గుర్తొచ్చాడు. ఆయన కూడా ఇలాగే మొదలుపెట్టి ఉంటాడు.

ఏప్రిల్ 1, సోమవారం

రేపు.

ఏప్రిల్ 3, బుధవారం

రేపు తప్పకుండా. గ్రూపు తెరవలేదు. తెరిస్తే నేను చూసినట్టు వాళ్ళకు తెలిసిపోతుంది.

ఏప్రిల్ 5, శుక్రవారం

కెప్టెన్ ఒంటెల ఆట వారంగా కదలడం లేదు. కోపమొచ్చి అడిగేశాను. నాకు కోపమొచ్చింది! ఎంత ధైర్యమో!

"నత్త గారి ఆదేశం రాలేదండీ, అందుకే ఆపాను," అన్నాడు.

నత్తను అడిగాను. "నా మంచు ఖండంలో ఒకరి ఆదేశం రాక ఫలితాలు ఆగాయండీ. అవి తేలాక ఒంటెల సంగతి చూద్దామని."

"ఎవరండీ ఆ మహానుభావులు?"

"మీరే, దవడ గారూ."

నేనెందుకు పంపలేదు? నా ఆట ఫలితాలు పూర్తయ్యేదాకా మంచు ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాను. మరి నా ఫలితాలు ఎందుకు పూర్తికాలేదు? ఒంటెలు ఏమయ్యాయో తెలిసేదాకా బుర్ర పనిచేయడం లేదు.

ముగ్గురం మూడు గుమ్మాల ముందు నిలబడి, లోపలివాళ్ళు బయటికి రావాలని ఎదురుచూస్తున్నాం. లోపల ఎవరూ లేరు. గ్రూపంతా కొయ్యబారిపోయింది.

సాయంత్రం అక్క గ్రూపులో అందరికీ కనిపించేలా రాసింది: "నా నౌకలు పన్నెండు నిమిషాలకు మునిగాయి. ఐదు రోజులకు ఏం మునగాలో రూల్ రాసినవాళ్ళే చెప్పాలి."

  

ఆయనకు చూపించాను. చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నవ్వు ఆపుకుంటున్నారని తెలుస్తూనే ఉంది.

"డిపోలో బస్సు ఆలస్యమైతే మీరేం చేస్తారు?" అన్నాను.

"బయటికెళ్ళి జనానికి చెప్తాం. తిడతారు. తర్వాత బస్సు తీస్తాం."

"తిట్లు తినకుండా తీయడం కుదరదా?"

"తిట్లకి భయపడి లోపలే కూర్చుంటే బస్సెవరు తీస్తారే?"

ఏప్రిల్ 6, శనివారం

పొద్దున్నే గ్రూపులో రాసేశాను. సాంకేతిక కారణాలేమీ లేవు. నాలుగు ఆటల్లో తలదూర్చి ఒక్కటీ సరిగా చూడలేదు. ఒంటెలు కెప్టెన్‌కు అప్పగించాను. మంచు ఖండంనుంచి తప్పుకున్నాను. కట్టు విప్పేశారట, చెయ్యి విరిగినాయన సైన్యం ఆయనకు ఇచ్చేశాను. దాన్ని నేను ముట్టుకోలేదు కాబట్టి క్షేమంగానే ఉంది.

తిట్టారు. అనుకున్నంత తిట్టలేదు. కెప్టెన్ "హమ్మయ్య, బతికే ఉన్నారు" అన్నాడు.

తర్వాత అక్కకు ఫోన్ చేశాను. చేయడానికి ముందు వంటగది గట్టు రెండుసార్లు తుడిచాను.

"అక్కా, ఆ వారం ఫలితాలు మళ్ళీ రాస్తాను. నీ నౌకలు పైకి తేలుస్తాను."

"ఏం అక్కర్లేదు. గడువు దాటింది నేను. మునిగినవి లేపడానికి కెప్టెన్ ఏం తప్పు చేశాడు?"

"మరి కోపమెందుకే నా మీద?"

"నౌకల కోసమా? పిచ్చిదానా!" అంది. "నా బతుక్కి మొదటిసారి అలాంటి ఎత్తు వేశాను. రాత్రీ పగలూ కుడుతూ అదే ఆలోచించాను. లోకం మొత్తం మీద దాన్ని చూసింది నువ్వొక్కదానివే. 'అక్కా, ఎంత బాగా ఆలోచించావు' అని ఒక్క మాటన్నావా? రూల్ చదివి వినిపించావు."



అవును, అనలేదు. డైరీలో రాసుకున్నాను. తనకు మాత్రం చెప్పలేదు.

"ఎంత బాగా ఆలోచించావక్కా," అన్నాను. "నువ్వు వెనకనుంచి వచ్చి ఉంటే కెప్టెన్‌కి ఒక్క తెడ్డు కూడా మిగిలేది కాదు."

"మిగిలేది కాదు కదా!" అక్క గొంతే మారిపోయింది. "ముందు చిన్న ఓడల్ని పంపేదాన్ని. వాడు వాటి వెంట పడేవాడు..."

ఆ జరగని యుద్ధాన్ని మొదటినుంచి చివరిదాకా ఇద్దరం చేసేశాం. అక్క ఘనంగా గెలిచింది. బావ మధ్యలో వచ్చి "ఎవరు చచ్చిపోయారు?" అని కంగారుగా అడిగాడు. "కెప్టెన్!" అని అరిచాం ఇద్దరం.

ఏప్రిల్ 7, ఆదివారం

పొద్దున ఆగిపోయిన లెక్కలు ముందేసుకున్నాను. అక్క చివరి కోట పడిపోయింది. ఎలా చెప్పాలో తెలియలేదు. ఫలితాల ఉత్తరంలో చదువుకునే గతి పట్టించకూడదని ముందే ఫోన్ చేశాను.

"పడిందా? పోనీ! రాజ్యం పోయింది కాబట్టి ఇక నాకు తీరికే. లెక్కలు నాకు చదివి పెట్టు, నేను సరిచూస్తాను. ఉత్తరాలు నువ్వు రాయి."

ఫోన్ స్పీకర్లో పెట్టాను. అవతల మిషను చప్పుడు, మధ్యమధ్య అక్క గొంతు. గుడ్డ కొలిచి కొలిచి తనకు తప్పు ఇట్టే కనిపిస్తుంది. నా పటంలో ఒకే కొండను రెండు దీవుల్లో గీశానని పట్టుకుంది. ఇన్ని వారాలుగా నత్త దళం లేని కొండ ఎక్కుతోంది! క్షమించమని రాశాం. "పరవాలేదండీ, నేనింకా సగమే ఎక్కాను" అని జవాబిచ్చాడు.

ఫలితాలు వెళ్ళాయి. దీపాలు, పొగమంచు, అన్నీ రాశాను. పడిపోయిన కోట గురించి అక్కే చెప్పి రాయించింది, ఆరు వాక్యాలు. కోట తలుపు తీసింది చివరి కాపలావాడట. చలికి వణుకుతున్న శత్రువులను లోపలికి రమ్మన్నాడట. నాకు కళ్ళు చెమర్చాయి.

మళ్ళీ తీర్మానం. ఈ రోజు నుంచి!
ఆదివారం భోజనం లోపల ఫలితాలు. మధ్యాహ్నం భోజనం.
గడువు దాటితే చెల్లదు. కాని వేసిన ఎత్తు బాగుంటే, బాగుందని ఆ మనిషికి చెప్పి తీరాలి. ఇది అక్క చేర్పించింది.
ఈ ఆట ముగిసేదాకా ఇంకెవరి ఆటలోనూ చేరను. కెప్టెన్ ఏనుగుల ఆట మొదలుపెడుతున్నాడట. చేరను. ఏనుగులైనా సరే.

మధ్యాహ్నం దాటింది. లెక్కలన్నీ అయిపోయాయి, పంపాల్సింది పంపేశాం, ఆయన రెండుసార్లు వచ్చి కంచాలు పెట్టానని చెప్పి వెళ్ళారు. ఇక ఫోన్ పెట్టేయడమే.

"ఏమే," అంది అక్క. "ఆ చివరి కూడిక ఇంకోసారి చదువు."

చదివాను. నెమ్మదిగా.